మీటింగు ఎలా జరపాలి? మినిట్స్ ఎలా రాయాలి?



ఈసారి గోడపత్రికకి పాటో, పొడుపు కథలో రాయమని మా గదివాళ్ళు అడిగారు. నేను మాత్రం మీటింగుల గురించి రాస్తున్నాను. ఇదేం సంగతిలే అని పక్క కాగితం దగ్గరికి పోకండి. ఇందులో మా అమ్మ వల సంగతి ఉంది. మన జాతీయ జెండా సంగతి ఉంది. నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది.

మొదటి మీటింగు

ఈ ఏడు జూలైలో మన బడిలో పుస్తకాల సంఘం పెట్టుకున్నాం గదా. మొత్తం 18 మందిమి. పదో తరగతి అక్కను అధ్యక్షురాలిగా, నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని నన్ను పెట్టారు గాని, మీటింగంటే ఏమిటో నాకు తెలియదు. మా ఇంట్లో నాకంటే ముందు బడికి పోయినవాళ్ళు ఎవరూ లేరు.

మొదటి మీటింగులో అందరం ఒక్కసారే మాట్లాడాం. పుస్తకం ఎన్నాళ్ళు ఉంచుకోవచ్చు అని మొదలుపెట్టాం. అది బీరువా తాళం ఎవరి దగ్గర ఉండాలి అనే దాని మీదకి పోయింది. అక్కడినుంచి ఆదివారం సినిమా మీదకి పోయింది. ఇంతలో అన్నం బెల్లు కొట్టారు. అందరం లేచి కంచాలు తెచ్చుకోవడానికి పరిగెత్తాం.

మరునాడు తెలుగు టీచరు గారు "మినిట్స్ రాశావా అమ్మా?" అని అడిగారు. రాశానండీ అని నోటుబుక్కు చూపించాను. నేను రాసింది ఇది:

"మీటింగు 4 గంటల 10 నిమిషములకు మొదలైనది. 5 గంటల 5 నిమిషములకు అయిపోయినది. మొత్తం 55 నిమిషములు."

టీచరు గారు చాలాసేపు నవ్వారు. తరువాత చెప్పారు. మినిట్స్ అంటే గడియారం నిమిషాలు కావు. మీటింగులో ఏమి నిర్ణయించారో పొట్టిగా రాసిపెట్టుకునే రాత. రెండు మాటలకూ లాటిన్ భాషలో "చిన్నది" అనే మాటే మూలమట. గంటలో చిన్న భాగం నిమిషం. పెద్ద మీటింగుకి చిన్న రాత మినిట్స్. కాబట్టి నేను మరీ అంత తప్పు చేయలేదని అనుకున్నాను.

కాని ఆ వారమే గొడవ వచ్చింది. పుస్తకం వారం రోజులు ఉంచుకోవచ్చని అనుకున్నాం అని ఒకమ్మాయి. కాదు, ఆదివారం ఒక్కరోజే అనుకున్నాం అని ఇంకో అమ్మాయి. ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. నా పుస్తకంలో చూస్తే 55 నిమిషాలు ఉన్నాయి గాని మాట లేదు.

మా తాత చెప్పేవాడు. వెనక మా వాళ్ళలో తగువు వస్తే చెట్టు కింద కూర్చుని పెద్దలు తీర్చేవాళ్ళట. రాత లేదు. పదిమంది విన్నారు కాబట్టి మాట నిలబడేది. అది మంచిదే. కాని ఆ పదిమందీ కలిసి ఒక్కచోటే ఉండాలి. మన బడిలో పదో తరగతి అక్కలు ప్రతి ఏడూ వెళ్ళిపోతారు. వాళ్ళతో మాట కూడా వెళ్ళిపోతుంది. అందుకే రాసి పెట్టుకోవాలి.

మీటింగు వరస

మీటింగుకి ఒక వరస ఉంటుంది. ఏ సంఘమైనా ఇంచుమించు ఇదే.

1. హాజరు, కోరం. ముందు వచ్చినవారి చేత సంతకాలు పెట్టించాలి. కనీసం ఇంతమంది ఉంటేనే మీటింగు చెల్లుతుంది అనే లెక్కను కోరం అంటారు. మన పార్లమెంటులో ఒక్కో సభకి మొత్తం సభ్యులలో పదో వంతు కోరం అని రాజ్యాంగం 100వ అధికరణంలో ఉంది. గ్రామసభ సంగతి ఇంకా గట్టిది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నిబంధనలను 2012లో సవరించారు. వాటి ప్రకారం ఆ గ్రామసభకి ఊరి సభ్యులలో కనీసం సగం మంది రావాలి. వచ్చినవారిలో కనీసం మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. బుట్టాయగూడెం వైపు నుంచి వచ్చిన కోయ, కొండరెడ్డి చెల్లెళ్ళు ఇది ఇంటికి పోయినప్పుడు అమ్మవాళ్ళకి చెప్పండి. అడవి భూమి పట్టా దరఖాస్తు మీద మొదట తీర్మానం చేసేది ఆ సభే. మన సంఘంలో 18 మందికి 9 మంది కోరం అని పెట్టుకున్నాం. ఒక శనివారం 7 గురే వచ్చారు. మిగతావాళ్ళు బట్టలు ఉతుక్కుంటున్నారు. ఆ రోజు మీటింగు వాయిదా వేసి, వాయిదా అని పుస్తకంలో రాశాం.

2. పోయినసారి మినిట్స్ చదవడం. కార్యదర్శి నిలబడి పైకి చదవాలి. తప్పుంటే ఎవరైనా చెప్పవచ్చు. సరిచేశాక అందరూ ఒప్పుకుంటే అధ్యక్షురాలు సంతకం పెడుతుంది. అన్నిటికంటె ముఖ్యమైనది ఇదేనని నా అభిప్రాయం. ఎందుకో కింద చెబుతాను.

3. పోయినసారి ఒప్పుకున్న పనులు అయినాయా లేదా. అట్టలు వేస్తానన్నవాళ్ళు వేశారా అని అడగడం. ఇది లేకపోతే ప్రతి మీటింగులోను అదే పని మళ్ళీ మళ్ళీ ఒప్పుకుంటాం.

4. లెక్కలు. డబ్బు ఎంత వచ్చింది, ఎంత పోయింది. మన సంఘానికి డబ్బు లేదు కాబట్టి పుస్తకాల లెక్క చెబుతాం.

5. కొత్త విషయాలు. అజెండాలో రాసిన వరసలోనే ఒక్కొక్కటి మాట్లాడాలి. ఒకటి తేలాకనే రెండోది.

6. అధ్యక్షుల అనుమతితో ఇతర విషయములు. అజెండాలో లేని చిన్న చిన్న సంగతులు ఇక్కడ చెప్పవచ్చు. పెద్ద విషయాన్ని ఇందులో దూర్చకూడదు. రానివాళ్ళకు ఆ సంగతి తెలియదు గదా. తెలిస్తే వచ్చేవాళ్ళేమో.

7. తరువాతి మీటింగు తేదీ, వందన సమర్పణ.

ఏదైనా నిర్ణయించాలంటే ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. తరువాత చేతులెత్తించి లెక్కపెట్టాలి. అధ్యక్షురాలు ముందు ఓటు వేయదు. రెండు వైపులా సమానంగా వస్తేనే వేస్తుంది. దీన్ని నిర్ణాయక ఓటు అంటారు. పార్లమెంటులో స్పీకరు గారిది కూడా ఇదే పద్ధతి.

అజెండా ముందే ఎందుకు పెట్టాలి?

మీటింగులో మాట్లాడే విషయాల పట్టికను అజెండా అంటారు. దాన్ని మూడు రోజుల ముందే నోటీసుబోర్డుకి అంటించాలి. అప్పుడు అందరూ ఆలోచించుకుని వస్తారు. దీనికి మన విజయవాడలో జరిగిన సంగతే ఒకటి ఉంది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం విజయవాడలో జరిగింది. అప్పుడు ఊరిని బెజవాడ అనేవారు. గాంధీగారు వచ్చారు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలి, కోటిమందిని సభ్యులుగా చేర్చాలి, 20 లక్షల రాట్నాలు తిరగాలి, ఇదంతా జూన్ 30 లోపల జరగాలి అని తీర్మానించారు. చూడండి, తీర్మానమంటే అలా ఉండాలి. ఏ పని, ఎంత, ఎప్పటిలోగా అన్నీ ఉన్నాయి. నూరేళ్ళు దాటినా మనం చదువుకోగలుగుతున్నాం.

అప్పుడే పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా ఇచ్చారు. వెంకయ్య గారిది మన కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండేలా గీయమని గాంధీగారు అడిగితే ఆయన మూడు గంటల్లో తయారుచేసి తెచ్చారు. అంత తొందరగా తెచ్చినా కమిటీ ముందు పెట్టడానికి కొంచెం ఆలస్యమైపోయింది. ఈ సంగతి గాంధీగారే ఆ ఏప్రిల్ నెలలో తన యంగ్ ఇండియా పత్రికలో రాశారు. ఆలస్యమైనందుకు ఆయన బాధపడలేదు. సంతోషించానని రాశారు. ఎందుకంటే తరువాత ఆలోచిస్తే మిగతా మతాలవారికి కూడా జెండాలో రంగు ఉండాలని ఆయనకు తోచింది. అలా తెలుపు వచ్చి చేరింది.

బెజవాడలోనే జెండాకి తీర్మానం చేశారని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ జెండాను కాంగ్రెసు ఒప్పుకున్నది 1931లో. రాట్నం బదులు అశోక చక్రం పెట్టి రాజ్యాంగ సభ ఆమోదించినది 1947 జూలై 22న. ఆలోచన ఎప్పుడు వచ్చింది, నిర్ణయం ఎప్పుడు జరిగింది అనేవి వేరు వేరు. రాతలు ఉన్నాయి కాబట్టే మనకు తేడా తెలుస్తోంది.

మా అమ్మ వేలిముద్ర

ఇప్పుడు మినిట్స్ పైకి చదవాలని ఎందుకన్నానో చెబుతాను.

మేము యానాదులం. అమ్మా నాన్నా కాలవల్లో, డ్రెయిన్లలో చేపలు పడతారు. వరి కోతలప్పుడు పొలాల్లో ఎలకలు పట్టడానికి పోతారు. అమ్మ ఒక పొదుపు సంఘంలో ఉంది. అందులో పదిమంది. ఊరు పేరు, సంఘం పేరు నేను రాయను.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి మాట. మా వల పాడైపోయింది. కొత్త వలకి 6,000 రూపాయలు అప్పు కావాలని అమ్మ సంఘంలో అడిగింది. ముందు అమ్మకి, తరువాత ఇంకొకామెకి ఇద్దామని అందరూ అన్నారు. అమ్మ చెవులారా విన్నది. పుస్తకాలు రాసే ఆమె ఏదో రాసి, పుస్తకం అమ్మ ముందు పెట్టింది. అమ్మ వేలిముద్ర వేసి వచ్చింది.

రెండు నెలలు చూసింది. డబ్బు రాలేదు. పోయి అడిగితే, "పుస్తకంలో ముందు ఆమెకి, ఆమె తీర్చాక నీకు అని ఉంది. కింద నీ వేలిముద్ర కూడా ఉంది గదా" అన్నారు.

సంక్రాంతి సెలవులకు నేను ఇంటికి పోయినప్పుడు అమ్మ నన్ను వెంట తీసుకుపోయింది. పుస్తకం అడిగి ఇప్పించుకుని, "చదువు అమ్మాయ్" అంది. నేను పైకి చదివాను. "సభ్యులందరూ ఏకగ్రీవముగా ఆమోదించడమైనది" అని ఉంది. ఏకగ్రీవం అంటే ఏంటని అమ్మ అడిగింది. అందరూ ఒకే మాట మీద ఒప్పుకున్నారని, అందులో నువ్వూ ఉన్నావని చెప్పాను. అమ్మ ఆ వేలిముద్ర వైపు చూస్తూ కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. దారిలో కూడా మాట్లాడలేదు.

ఆమె కావాలని అలా రాసిందో, పొరపాటున రాసిందో నాకు తెలియదు. ఆ సంవత్సరమంతా మావాళ్ళు వేరేవాళ్ళ వలతో చేపలు పట్టారు. పడిన చేపల్లో సగం వల ఇచ్చినవాళ్ళకి పోయింది.

తరువాతి మీటింగు నుంచి అమ్మ ఒక పని చేస్తోంది. పుస్తకం ముందుకు రాగానే, "చదవండమ్మా, వినే వేస్తా. నాకు చదువు రాదు గాని చెవులున్నాయి గదా" అంటుంది. మొదట్లో నవ్వారట. ఆలస్యమవుతుందని విసుక్కున్నారట. ఇప్పుడు ఇంకో ముగ్గురు కూడా చదవమని అడుగుతున్నారు.

పొదుపు సంఘాలకి పంచసూత్రాలు అని ఐదు ఉన్నాయి. క్రమం తప్పక సమావేశం, క్రమం తప్పక పొదుపు, లోపల అప్పులు ఇచ్చుకోవడం, అప్పులు తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. ఐదోది రాయడంతో అయిపోకూడదు. రాసింది చదివి వినిపిస్తేనే అది పూర్తయినట్టు.

మినిట్స్ ఎలా రాయాలి?

మన మొదటి మీటింగుని నేను తరువాత ఇలా రాశాను: "పుస్తకాల గురించి చర్చించాము. చాలా బాగా జరిగినది." టీచరు గారు దీన్ని కూడా కొట్టేశారు. దీన్ని చదివితే ఎవరికీ ఏమీ తెలియదు. తరువాత నేర్చుకుని ఇలా రాశాను:

"తీర్మానము 2: ఒక్కొక్కరు ఒక పుస్తకమును 7 రోజులు ఉంచుకొనవచ్చును. ప్రతిపాదించినవారు 8వ తరగతి ప్రతినిధి. బలపరచినవారు 6వ తరగతి ప్రతినిధి. అనుకూలం 13, వ్యతిరేకం 2. అమలు: కార్యదర్శి, సోమవారము నుండి."

గుర్తుంచుకోవలసినవి:

తేదీ, చోటు, అధ్యక్షత వహించినవారు, హాజరు సంఖ్య తప్పక రాయాలి.

ఎవరు ఎవరిని ఏమని తిట్టారు, ఎవరు ఏడ్చారు అనేవి రాయకూడదు. రాజ్యాంగ సభలో అయితే ప్రతి మాటా రాశారు. 1946 డిసెంబరు 19న ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా గారు అక్కడ మాట్లాడింది ఈనాటికీ మాట పోకుండా ఉంది. ప్రజాస్వామ్యం ఆదివాసీలకు ఎవరూ నేర్పనక్కరలేదని, వారి దగ్గరే అందరూ నేర్చుకోవాలని ఆయన చెప్పారు. అది చదివినప్పుడు నాకు మా తాత చెప్పిన చెట్టు కింద కూర్చోవడం గుర్తొచ్చింది. మన సంఘంలో అంతా రాయడం కుదరదు. నిర్ణయం మాత్రం ఒక్క మాట కూడా మారకుండా రాయాలి.

పేజీలకు ముందే నంబర్లు వేసుకోవాలి. రాసిన దానికీ సంతకాలకీ మధ్య ఖాళీ వదలకూడదు. ఖాళీ ఉంటే అడ్డంగా గీత కొట్టాలి. లేకపోతే తరువాత ఎవరైనా అందులో ఇరికించి రాయవచ్చు.

తప్పు పోతే రబ్బరు పెట్టి రుద్దకూడదు. ఒక్క గీత కొట్టి, పైన సరైన మాట రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. కొట్టేసింది కూడా కనబడుతూ ఉండాలి.

నేను చేసిన తప్పు

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

ఆగస్టులో ఒక మీటింగు జరిగింది. పుస్తకం పోగొట్టినా చించినా 10 రూపాయలు జరిమానా కట్టాలని ఒక తీర్మానం వచ్చింది. 17 మందిమి ఉన్నాం. 10 మంది అవునన్నారు, 6 గురు కాదన్నారు. అధ్యక్షురాలు ఓటు వేయలేదు. నేను కాదన్నవారిలో ఉన్నాను. ఇంటినుంచి డబ్బులు రాని పిల్లలు మనలో చాలామంది ఉన్నారు. జరిమానా పెడితే వాళ్ళు భయపడి అసలు పుస్తకమే ముట్టుకోరని నా బాధ.

ఆ రాత్రి మినిట్స్ రాస్తూ ఆ తీర్మానం రాయలేదు. మరిచిపోయి కాదు. కావాలనే వదిలేశాను. మంచిపనే గదా అనుకున్నాను.

తరువాతి మీటింగులో నేను నిలబడి చదివాను. చదవడం అయిపోయింది. ఆరో తరగతి చెల్లి ఒకతె లేచి, "అక్కా, జరిమానా మాట చదవలేదేం?" అని అడిగింది. ఆ పిల్ల కూడా జరిమానా వద్దని చెయ్యెత్తినదే. నాకు చెవులు వేడెక్కిపోయాయి. ఆ క్షణంలో నాకు మా అమ్మ ముందు పుస్తకం పెట్టినామె గుర్తుకొచ్చింది. ఆమె మీద నాకు ఎంత కోపమో! నేను చేసిందీ అదే గదా.

రాయలేదని ఒప్పుకున్నాను. అందరి ముందు ఆ తీర్మానం ఓట్ల లెక్కతో సహా రాసి, పొట్టి సంతకం పెట్టాను. అధ్యక్షురాలు తన సంతకం పెట్టింది.

అప్పుడే జరిమానా మార్చాలని మాట్లాడబోయాను. అజెండాలో లేదు, వచ్చే మీటింగుకి పెట్టమని అధ్యక్షురాలు అంది. నాకు కోపం వచ్చింది గాని ఆగాను. ఆ 15 రోజుల్లో జరిమానా కావాలన్న అక్కలతో మాట్లాడాను. పోయిన ఏడు చాలా పుస్తకాలు తిరిగి రాలేదట, ఎవరూ అడగలేదట. వాళ్ళ బాధా నిజమే. అందుకని నా ప్రతిపాదన మార్చుకున్నాను. జెండాకి తెలుపు తరువాత వచ్చిన సంగతి అప్పుడు గుర్తుచేసుకున్నాను. పుస్తకం చిరిగితే చించినవాళ్ళే అతికించి, ఇంకో రెండు పుస్తకాలకి అట్టలు వేయాలి. పోగొడితే రెండు ఆదివారాలు బీరువా సర్దాలి. డబ్బు కట్టనక్కరలేదు. ఆ రోజు 15 మందిమి వచ్చాం. అనుకూలం 9, వ్యతిరేకం 5. తీర్మానం నెగ్గింది.

నేను ముందే దొంగతనంగా వదిలేసిన మాట ఇప్పుడు అందరూ ఒప్పుకుని మారింది. జరిమానా తీర్మానమూ పుస్తకంలో ఉంది, దాన్ని మార్చిన తీర్మానమూ ఉంది. వచ్చే ఏడు కార్యదర్శి అయ్యే చెల్లి రెండూ చదువుకుంటుంది.

చివరిగా ఒక మనవి. మనం ఇంటికి పోయినప్పుడు అమ్మవాళ్ళ సంఘం పుస్తకం ఒకసారి అడిగి పైకి చదివి వినిపిద్దాం. ఎవరితోనూ తగువు పెట్టుకోనక్కరలేదు. చదివితే చాలు. మనకి చదువు వచ్చు గదా.

మన సంఘం మినిట్స్ పుస్తకం గ్రంథాలయం బీరువాలో పై అరలో ఉంది. సభ్యులు కానివాళ్ళు కూడా చూడవచ్చును. ఇందులో ఏమైనా తప్పులుంటే పెద్దలు క్షమించి, నాకు చెప్పగలరు. గీత కొట్టి సరిచేస్తాను.

ఇట్లు
మీ సోదరి,
9వ తరగతి విద్యార్థిని,
కార్యదర్శి, పుస్తకాల సంఘం